పాటలో పేరు చెరిగిపోకముందే

తెలంగాణ ఉద్యమపు ఆటపాటల సభ ధూంధాం వేదిక మీద, నిజాం మీద రైతాంగ పోరాటం నాటి ‘బండెనక బండి గట్టి’ పాట ఎత్తుకోగానే జనం తామే అందుకుంటారు. ఆ ఊపులో ‘నాజీల మించినవురో’ అన్న మాట ఇట్టే దాటిపోతుంది. నల్లగొండ పల్లె పాటలోకి నాజీలు ఎలా వచ్చారు? రెండో ప్రపంచ యుద్ధం కబుర్లు సంఘం (ఆంధ్రమహాసభ) మీటింగుల్లో ఊరూరా చెప్పుకున్న కాలమది. ఎక్కడో ఐరోపాలో జరిగిన దుర్మార్గాన్ని తమ కళ్ళముందున్న దానితో పోల్చుకుని, మా ఊళ్ళో ఇంతకు మించి జరుగుతోందని పాడారు. అది ఆనాటికి తాజా వార్త.

బండి యాదగిరి పేరున నిలిచిన ఈ పాటకు మరో పాఠం ఉంది. ‘నైజాము సర్కరోడా’ అనే చోట అందులో సూర్యాపేట ప్రాంతపు దేశ్‌ముఖ్ ప్రతాపరెడ్డి పేరు వినిపిస్తుంది. ఒక తాలూకా దొరను నిలదీసే మాట, నిజాం పేరు తగిలించగానే సంస్థానం మొత్తానికి సరిపోయింది. 1948 సెప్టెంబరులో నిజాం పాలన పోయింది, పాట పోలేదు. ‘మా భూమి’ సినిమాలో గద్దర్ గొంతు దానికి మళ్ళీ ప్రాణం పోసింది. ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో కొత్త తరం అందుకుంది. ఇదంతా సంతోషమే. కానీ ఈ ప్రయాణంలో రాలిపోయింది దొర పేరు. వెట్టి చేయించుకున్నదీ, నాగులిచ్చి (గింజలు అప్పిచ్చి) వడ్డీకి గింజలు కొలిపించుకున్నదీ ఊరి గడిలో, అంటే కోటలాంటి దొర ఇంట్లో, కూర్చున్నవాడు. పాటకు వయసు పెరిగేకొద్దీ నేరమంతా హైదరాబాదులోని రాజు మీదికి పోయింది, గడిలోనివాడు తప్పుకున్నాడు. ‘చుట్టుముట్టు సూర్యాపేట’ అన్న చరణం మాత్రం పాట పుట్టిన నేలను ఇప్పటికీ పట్టి చూపుతోంది.

గోదావరి వైపు కథ ఇంకో తీరు. సహాయ నిరాకరణ రోజుల్లో గరిమెళ్ళ సత్యనారాయణ ‘మాకొద్దీ తెల్ల దొరతనము’ అన్నారు, ఆ పాటకు జైలుకెళ్ళారు. పన్నెండు దేశాలు పండుతున్నా పట్టెడన్నం లేదనీ, ఉప్పు ముట్టుకుంటే దోషమనీ అందులో ఉంది. ఉప్పు ముట్టుకుంటే దోషమేమిటని ఇవాళ బడిపిల్ల అడిగితే ఉప్పు పన్ను సంగతి విడమర్చి చెప్పాల్సిందే. ఆ ప్రశ్న పుట్టడం మాకు ఆనందంగానే ఉంటుంది, ఆ బాధ తొలగిపోయింది కనుక. ఆ రోజుల్లోనే రాజమండ్రిలో కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్లదొరతనము’ అని రాశారు. తెల్లవాడు పోవాలంటున్న మనవాళ్ళే తోటి మనిషిని అంటరానివాడని దూరం పెట్టడాన్ని నిలదీసిన పాట అది. నూరేళ్ళు దాటాక కూడా దీనిలోని మాటకు అర్థం చెప్పాల్సిన అవసరం రావడం లేదు. మమ్మల్ని ఎక్కువగా కలతపెట్టేది ఇదే. గరిమెళ్ళ పాట పాఠ్యపుస్తకాల్లో, ఆగస్టు పదిహేను సభల్లో వినిపిస్తుంది. ధర్మన్న పాట పక్కన ఎందుకు వినిపించదో సభలు నడిపేవారు చెప్పాలి.

ఇక బుర్రకథ. కథకుడి పక్కన వంత పాడే ఇద్దరు వంతలు, ఒకరిది రాజకీయం, ఇంకొకరిది హాస్యం. పల్నాటి యుద్ధం నడుస్తుండగానే రాజకీయం వంత రేషను కొట్టు మీదికో, ఊరి సర్పంచి మీదికో మాట మళ్ళించేవాడు. ఆ రాత్రి ఆ ఊరివాళ్ళకే తెలిసే ఎత్తిపొడుపు అది. బెంగాల్ కరువును బుర్రకథగా చెప్పిన షేక్ నాజర్ లాంటి మహాకళాకారుల కథలు అచ్చులో దొరుకుతాయి. గుమ్మెట దరువుల మధ్య వంతలు అప్పటికప్పుడు విసిరిన మాటలను రాసుకున్నవాళ్ళు తక్కువ. మరుసటి ఊళ్ళో ఆ చురక మారిపోయేది, కథ మిగిలేది. మన పల్లెల రోజువారీ రాజకీయ చరిత్రలో ఎంత భాగం అలా గాలిలో కలిసిపోయిందో!

జానపద గేయాల సేకరణ మనకు కొత్త కాదు. 1956లోనే బిరుదురాజు రామరాజు ఆ సాహిత్యం మీద ఉస్మానియాలో డాక్టరేటు పొందారు. మేము అడిగేది ఇంకో అడుగు. పాటతో పాటు దాని సందర్భాన్ని కూడా రాయాలి: ఏ ఊరు, ఏ ఏడు, ఎవరి మీద కట్టారు, పేరు ఎప్పుడు మారింది, ఎవరు మార్చారు. రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలు, విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు దీన్ని కలిసి చేపట్టాలి. ఆకాశవాణి కేంద్రాల్లో ఉన్న పాత జానపద రికార్డింగులను జనానికి తెరవాలి. ఎన్నికల ప్రచారాల్లో ఇవాళ పుడుతున్న పేరడీలనూ వదలకూడదు, పార్టీ ఏదైనా సరే.

ముందుగా సూర్యాపేట, నల్లగొండ పల్లెలకు వెళ్ళాలి. 1948లో పదేళ్ళ పిల్లలుగా ఆ పాట విన్నవాళ్ళకు ఇప్పుడు ఎనభై అయిదు దాటాయి.