బల్ల తలవైపు ఎవరున్నారు?

మూడు కిలోల పసికందు ఒంట్లో ఉండే రక్తమంతా కలిపి దాదాపు పావు లీటరు. ఆ బిడ్డకు గుండె ఆపరేషన్ అనగానే బంధువులు ముందుగా అడిగేది సర్జన్ ఎవరని. బల్ల తలవైపు నిలబడి గంటల తరబడి ఆ ప్రాణాన్ని చేతిలో పెట్టుకునే మత్తు డాక్టరు ఎవరని అడిగేవారు అరుదు. తల్లిదండ్రులను తప్పుపట్టలేం. కానీ ఆస్పత్రులకు అనుమతులిచ్చేవారు, పథకాల డబ్బు చెల్లించేవారు ఆ ప్రశ్న అడిగి తీరాలి.

‘మత్తు’ అనే మాట ఈ పనిని చాలా చిన్నదిగా చూపిస్తుంది. నవజాత శిశువు శ్వాసనాళం పొడవు నాలుగైదు సెంటీమీటర్లు. ట్యూబు ఒక సెంటీమీటరు లోపలికి జారితే ఒక ఊపిరితిత్తికి గాలి ఆగిపోవచ్చు, అంతే దూరం పైకి వస్తే ఊడిపోవచ్చు. గుండె గదుల మధ్య రంధ్రం ఉన్న బిడ్డకు సెలైన్ గొట్టంలోని చిన్న గాలి బుడగ కూడా మెదడుకు చేరే ప్రమాదం ఉంది. అందుకే తెలిసిన మత్తు డాక్టరు ప్రతి సిరంజినీ వెలుతురుకు ఎత్తిపట్టి, వేలితో మీటి, బుడగ లేదని తేల్చుకున్నాకే మందు ఎక్కిస్తారు. ఇక ఆక్సిజన్ సంగతి. గుండెలో ఎడమవైపు కింది గది (జఠరిక) ఎదగని శిశువుకు అది ఎక్కువైతే రక్తం ఊపిరితిత్తుల వైపు మళ్లిపోయి మిగతా ఒంటికి చాలదు. ఆపదలో ఆక్సిజన్ పెంచాలని వైద్య విద్యార్థి మొదటి ఏడాదిలో నేర్చుకున్న పాఠమే ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. పెద్దల బైపాస్ ఆపరేషన్లలో ఇరవై ఏళ్లు పండిన చేతికి కూడా ఇది విడిగా నేర్వాల్సిన విద్య.

బ్రిటన్‌లోని బ్రిస్టల్ ఉదంతం ఈ రంగంలో ఉన్నవారందరికీ తెలుసు. అక్కడి రాయల్ ఇన్‌ఫర్మరీ ఆస్పత్రిలో 1988లో చేరిన మత్తు వైద్యుడు స్టీఫెన్ బోల్సిన్, పిల్లల గుండె ఆపరేషన్లు మితిమీరిన సేపు సాగుతున్నాయని, మరణాలు ఎక్కువగా ఉన్నాయని గమనించారు. 1990లోనే ఆస్పత్రి అధిపతికి ఉత్తరం రాశారు. ఆపరేషన్లు ఆగలేదు. చివరికి దీనిపై ప్రొఫెసర్ ఇయాన్ కెనెడీ జరిపిన విచారణ నివేదిక 2001లో వచ్చింది. 1991–95 మధ్య ఏడాదిలోపు పిల్లలు ఉండాల్సిన దానికన్నా 30 నుంచి 35 మంది అదనంగా చనిపోయారని తేల్చింది. బోల్సిన్ అప్పటికే ఆస్ట్రేలియా వెళ్లిపోయారు. కెనడాలోని విన్నిపెగ్‌లో 1994లో గుండె ఆపరేషన్లకు వచ్చిన 12 మంది పిల్లలు చనిపోయారు. అక్కడ మత్తు వైద్యులు మే నెలలో ఈ కేసులకు రామని పక్కకు తప్పుకున్నారు, నర్సులు మొత్తుకున్నారు. కొన్నాళ్లు తేలిక కేసులకే పరిమితం చేసి, మళ్లీ అన్నీ మొదలుపెట్టారు. రెండు చోట్లా ప్రమాదాన్ని ముందుగా పసిగట్టినవారిలో మత్తు వైద్యులు ఉన్నారు. వారి మాటకు బలమిచ్చే నియమం లేకపోయింది.

మన దగ్గర వెయ్యి మంది శిశువుల్లో ఎనిమిది, తొమ్మిది మంది గుండె లోపంతో పుడుతున్నారని అంచనా. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదింటి బిడ్డకు ఆపరేషన్ బల్ల అందుబాటులోకి వచ్చింది. 2021లో తిరుపతిలో శ్రీ పద్మావతి చిన్న పిల్లల హృదయాలయం మొదలైంది. బ్రిటన్ నుంచి బృందాలు వచ్చి మన వైద్యులతో కలిసి ఆపరేషన్లు చేసి వెళ్తున్నాయి. ఇవన్నీ మనసు నిండే సంగతులే. అయితే అతిథి బృందం విమానం ఎక్కాక, రాత్రి రెండు గంటలకు ఐసీయూలో బిడ్డ రక్తపోటు పడిపోతే పరుగెత్తుకొచ్చేది స్థానిక మత్తు డాక్టరే. ఆ డాక్టరు శిక్షణ సంగతి ఏమిటి?

ఎండీ తర్వాత గుండె ఆపరేషన్ల మత్తు కోసం మూడేళ్ల ఉన్నత కోర్సు, డీఎం కార్డియాక్ అనస్థీషియా ఉంది. పిల్లల అనస్థీషియాకు వేరే డీఎం ఉంది. మొదటి దారిలో పెద్దల గుండెకు, రెండో దారిలో గుండె జబ్బు లేని పిల్లలకు చాలా కాలం పోతుంది. ఏ దారిలో వచ్చినా, కేసులు బాగా ఉండే పిల్లల గుండె కేంద్రంలో కనీసం మరో ఏడాది పనిచేయాలన్నది నా అభిప్రాయం. డాక్టరు తాను చేసిన కేసులు రాసుకునే లాగ్‌బుక్‌లో మొత్తం సంఖ్య ఒక్కటే లెక్కలోకి తీసుకోకూడదు. మూడు కిలోల లోపు బిడ్డలు ఎందరు, ఒకే జఠరిక ఉన్నవారు ఎందరు అన్నది విడిగా చూడాలి.

సిబ్బంది సంఖ్య విషయంలో ఇంకో పొరపాటు జరుగుతోంది. గుండె థియేటర్‌కు మనిషి ఉంటే చాలనుకుంటున్నారు. అమెరికాలో పిల్లలకు మత్తు సంబంధంగా గుండె ఆగిపోయిన ఘటనలను నమోదుచేసిన రిజిస్ట్రీ 2010లో ఒక విశ్లేషణ వెలువరించింది. గుండె ఆగిన పిల్లల్లో మూడింట ఒక వంతుకు గుండె జబ్బు ఉంది. వారిలో సగానికి పైగా ఘటనలు జరిగింది సాధారణ థియేటర్లలో. అంటే హెర్నియాకో పంటికో వచ్చిన బిడ్డకు కూడా ఆ నిపుణుడి అవసరం ఉందన్నమాట. రక్తనాళం గుండా గుండెలోకి సన్నని గొట్టం పంపే క్యాథ్ ల్యాబ్, ఎంఆర్ఐ గది కూడా ఈ లెక్కలోకే రావాలి. నవజాత శిశువు కేసుకు ఇద్దరు మత్తు వైద్యులు ఉండాలి, ఒకరు సీనియర్. ఈ కేసులు తెలిసిన టెక్నీషియన్ వారి పక్కన స్థిరంగా ఉండాలి. ఇవాళ ఎముకల థియేటర్, రేపు గుండె థియేటర్ అని తిప్పకూడదు.

పథకంలో ఆస్పత్రిని చేర్చుకునేటప్పుడు డిగ్రీల నకళ్లతో పాటు మూడు నెలల రాత్రి డ్యూటీ పట్టిక అడగాలి. ప్రతి రాత్రి ఒకే పేరు కనిపిస్తే అక్కడ బృందం లేదు, అలసిపోయిన ఒక మనిషి ఉన్నాడు. ఐసీయూలో మంచం లేదనో, రాత్రికి తగిన మనిషి లేరనో మత్తు డాక్టరు కేసు వాయిదా వేస్తే సంజాయిషీ అడగకూడదు. ఆ కారణం రిజిస్టర్‌లో ఎక్కాలి. నెలకోసారి సర్జన్, కార్డియాలజిస్ట్, మత్తు డాక్టరు, నర్సు కలిసి కూర్చుని ఆ పేజీలు చదివి, నలుగురూ సంతకం చేయాలి.