విమానం కంటే ముందు జాబితా

ఎక్కడైనా యుద్ధం మొదలైందంటే మన ప్రవాస తెలుగు సంఘాలన్నీ ఒక్క గొంతుతో అడిగేది అక్కడి మనవాళ్లను తేవడానికి ప్రత్యేక విమానాలు. అడగడంలో తప్పు లేదు. కానీ గత ముప్పై అయిదేళ్లలో భారత ప్రభుత్వం చేపట్టిన తరలింపులను వరసపెట్టి చూస్తే, విమానాలు చాలక పని నిలిచిపోయిన సందర్భాలు తక్కువ. నిలిచిపోయింది ఆ దేశపు గగనతలం దగ్గర, విమానాశ్రయానికి వెళ్లే రోడ్డు మీద, యజమాని బీరువాలో ఉన్న పాస్‌పోర్టు దగ్గర. అన్నిటికంటే ఎక్కువగా, మనవాళ్లు ఎవరు ఎక్కడున్నారో తెలియకపోవడం దగ్గర. గగనతలం, రోడ్డు విదేశాంగ విధానం వల్ల తెరుచుకోవాల్సినవి. ఆ చివరిది మాత్రం ఢిల్లీ ఒక్కటే తీర్చగలిగేది కాదు. అందులో మన వాటా ఉంది, దాన్ని మనం సరిగ్గా మోయడం లేదన్నదే నా ఫిర్యాదు.

ముందు గగనతలం సంగతి. 2015 మార్చి 26న సౌదీ నాయకత్వంలో యెమెన్ మీద వైమానిక దాడులు మొదలయ్యాయి. సనా నగరం, అక్కడి విమానాశ్రయం హూతీ తిరుగుబాటుదారుల చేతిలో ఉన్నాయి. ఆకాశం సౌదీ చేతిలో ఉంది. అంటే ఒక్క విమానం దిగాలన్నా నేల మీద ఒకరు, పైన ఇంకొకరు ఒప్పుకోవాలి, వాళ్లిద్దరూ ఒకరినొకరు చంపుకుంటున్నవాళ్లు. ఎయిరిండియా విమానాలు మస్కట్‌లో అనుమతి కోసం కాచుకుని కూర్చున్నాయి. ప్రధాని సౌదీ రాజుతో మాట్లాడాక రోజుకు కొన్ని గంటల వెసులుబాటు దొరికింది. ఆ కొద్ది గంటల్లో ఎక్కువ ట్రిప్పులు వేయాలంటే దూరం తక్కువ ఉండాలి. అందుకే జనాన్ని నేరుగా భారత్‌కు కాకుండా ఎర్ర సముద్రం ముఖద్వారానికి అవతల ఉన్న జిబూటీకి చేర్చి, అక్కడి నుంచి వాయుసేన భారీ రవాణా విమానాలైన సీ-17ల్లో ముంబై, కొచ్చిలకు పంపారు. అదే సమయంలో సముద్రపు దొంగల మీద గస్తీ కాస్తున్న ఐఎన్‌ఎస్ సుమిత్రను ఏడెన్ రేవుకు మళ్లిస్తే ఆ ఓడ మొదటి విడతలో 349 మందిని ఎక్కించుకుంది. తర్వాత వచ్చిన ఐఎన్‌ఎస్ ముంబైకి కాల్పుల వల్ల రేవులోకి వెళ్లే వీలు లేకపోయింది. ఓడను బయటే నిలిపి, జనాన్ని చిన్న పడవల్లో దాని దగ్గరికి తెచ్చారు. మొత్తం 4,640 మంది భారతీయులు, 41 దేశాలకు చెందిన 960 మంది విదేశీయులు అలా బయటపడ్డారు.

ఇరువైపులా మాట చెల్లడం అంటే ఇది. 1990లో కువైట్ విషయంలో ఇదే జరిగింది. ఇరాక్ ఆక్రమణ తర్వాత అప్పటి విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లి సద్దాం హుస్సేన్‌ను కలిశారు, ఆయన్ని ఆలింగనం చేసుకున్న ఫొటో మీద ప్రపంచమంతా విమర్శలు వచ్చాయి. కానీ మనవాళ్లు కువైట్ నుంచి బస్సుల్లో బాస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ రాజధాని అమ్మాన్‌కు చేరాలంటే సద్దాం సైనికులు దారి ఇవ్వాల్సిందే. అమ్మాన్ నుంచి ముంబైకి 488 విమానాలు, లక్ష మందికి పైగా జనం.

ఉక్రెయిన్ యుద్ధం విషయంలో ఐక్యరాజ్యసమితిలో భారత్ ఓటింగుకు దూరంగా ఉన్నందుకు అమెరికాలో, యూరప్‌లో మనల్ని అడిగినవాళ్లు ఎందరో. ఆ తటస్థతంతా విద్యార్థుల కోసమేనని కొందరు సమర్థించారు. అది అతిశయోక్తి. ఆయుధాలు, ఎరువులు, చమురు, చైనా సరిహద్దు అన్నీ అందులో ఉన్నాయి. అయితే 2022 మార్చి 7న ప్రధాని పుతిన్‌తోనూ జెలెన్‌స్కీతోనూ మాట్లాడాకే మర్నాడు ఉక్రెయిన్ నగరం సూమీ నుంచి 694 మంది విద్యార్థులు బస్సుల్లో పోల్తావాకు బయలుదేరగలిగారన్నది కూడా నిజం. ఏ పక్షంతోనూ మాట తెగకుండా ఉండడానికి ఒక ధర ఉంటుంది, ఒక ఫలితం కూడా ఉంటుంది. రెండూ లెక్కలో వేసుకోవాలి.

ఫోన్ చేయడానికి అవతల మనిషే లేకపోతే ఏమవుతుందో 2014లో ఇరాక్‌లోని మోసుల్ చూపించింది. తిక్రిత్‌లో ఐసిస్ ఉగ్రవాదుల చేతికి చిక్కిన నర్సులు 46 మంది, దాదాపు అందరూ కేరళవాళ్లే, జూలైలో క్షేమంగా వచ్చారు. కానీ మోసుల్‌లో అపహరణకు గురైన 39 మంది నిర్మాణ కార్మికులు చనిపోయారని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది 2018 మార్చిలో. నాలుగేళ్లపాటు ఆ కుటుంబాలకు ఆశ తప్ప ఇంకేమీ లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. గల్ఫ్ సహకార మండలిలోని ఆరు దేశాల్లో దాదాపు 90 లక్షల మంది భారతీయులున్నారు. వాళ్లలో జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల నుంచి వెళ్లిన భవన నిర్మాణ కూలీలు, కడప, రాయచోటి, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన ఇంటిపని మహిళలు లక్షల్లో ఉంటారు. పదో వంతు మందిని తేవాలన్నా తొమ్మిది లక్షలు. విమానానికి 250 మంది చొప్పున 3,600 ట్రిప్పులు. భారత వాయుసేన దగ్గరున్న సీ-17లు పదకొండు. 2020లో మాలె నుంచి కొచ్చికి వచ్చిన ఐఎన్‌ఎస్ జలాశ్వ లాంటి పెద్ద ఓడ కూడా ఒక విడతలో తెచ్చింది 698 మందిని. కాబట్టి గల్ఫ్ మొత్తం అంటుకుంటే "అందరినీ తెస్తాం" అని ఏ మంత్రి చెప్పినా అది మాట వరసకే అనుకోవాలి. చాలామంది ఉన్నచోటే ఉండాలి. ఎవరు ఉండొచ్చు, ఎవరు ముందు కదలాలి, ఎవరిని పక్క దేశానికి చేర్చితే చాలు అన్నది తేల్చడమే ఆ పరిస్థితిలో తరలింపు. గర్భిణి ఎవరో, డయాలసిస్ మీద ఉన్నది ఎవరో, సైనిక స్థావరానికి కూతవేటు దూరంలో ఉన్న లేబర్ క్యాంపు ఏదో తెలియకుండా అది తేలదు.

మరి ప్రభుత్వం దగ్గరున్న లెక్క ఎంత? పదో తరగతి పాసు కానివాళ్ల పాస్‌పోర్టు మీద వలస అనుమతి అవసరమని చెప్పే ఈసీఆర్ ముద్ర ఉంటుంది. అలాంటివాళ్లు 18 దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లాలంటే విదేశాంగ శాఖ ఆన్‌లైన్ వ్యవస్థ ఈ-మైగ్రేట్‌లో అనుమతి తీసుకోవాలి, కాబట్టి వాళ్ల పేర్లు దొరుకుతాయి. పదో తరగతి పాసైనవాళ్లకు ఈ బాధ లేదు, అందుకే వాళ్ల రికార్డూ లేదు. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ వర్క్ వీసాకు మారినవాళ్లు ఎందులోనూ కనిపించరు. ఈసీఆర్ పాస్‌పోర్టున్న మహిళకు ముప్పై ఏళ్లు నిండాలన్న నిబంధన ఉంది. దాన్ని తప్పించడానికి ఏజెంట్లు అడ్డదారిలో పంపినవాళ్లదీ ఇదే గతి. ఆపదలో అందరికంటే దొరకనిది వీళ్లే, ఎందుకంటే క్యాంపులో కాకుండా ఎవరి ఇంట్లోనో ఒంటరిగా ఉంటారు. పైగా ఈ-మైగ్రేట్ చూపించేది వెళ్లినవాళ్లను. తిరిగొచ్చినవాళ్లెవరో, కంపెనీ మారినవాళ్లెవరో అందులో తెలియదు.

ఈ కంత పూడ్చడానికి 2018 నవంబరులో విదేశాంగ శాఖ ఒక ప్రయత్నం చేసింది. ఈసీఆర్ అక్కర్లేనివాళ్లు కూడా ఆ 18 దేశాలకు ఉద్యోగం మీద వెళ్తుంటే ప్రయాణానికి 24 గంటల ముందు నమోదు చేసుకోవాలి, లేకపోతే విమానాశ్రయంలో ఆపేస్తామంది. గోల మొదలైంది, రెండు వారాల్లోనే వాయిదా వేశారు. ఆ తర్వాత అది ఐచ్ఛికంగానే ఉండిపోయింది. నమోదు తప్పనిసరి కావాలన్నది సరైన ఆలోచన, విమానాశ్రయంలో ఆపడం చెత్త ఆలోచన. ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర ఇంకో లంచం దారి తెరవడం తప్ప దానివల్ల ఒరిగేది లేదు. నమోదు చేసుకున్నవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ప్రీమియం ప్రభుత్వమే కడితే జనం తామే వచ్చి చేసుకుంటారు. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 అని 2017లో పెట్టిన రేటు అది, ఖజానాకు పెద్ద భారమేమీ కాదు. 1983 నాటి వలస చట్టాన్ని మార్చే ముసాయిదా 2025లో బయటికొచ్చింది. మన సంఘాలు పట్టుబట్టాల్సిన అంశం ఇదీ.

జాబితాతో పాటు కాగితాలూ ముఖ్యమే. కువైట్‌లో 2025 జూలై 1 నుంచి ప్రైవేటు కంపెనీల్లో పనిచేసే విదేశీయులు దేశం దాటాలంటే యజమాని నుంచి ఎగ్జిట్ పర్మిట్ తీసుకోవాలి. మామూలు రోజుల్లో అది ఫోన్‌లో ఒక దరఖాస్తు. క్షిపణులు పడుతున్న రోజున ఆ యజమాని తన కుటుంబంతో ఎక్కడో ఉంటాడు, ఫోన్ ఎత్తడు. ఇలాంటి పర్మిట్లను ఆపత్కాలంలో మూకుమ్మడిగా రద్దు చేసే ఏర్పాటు ద్వైపాక్షిక ఒప్పందంలో ముందే రాయించుకోవాలి, అప్పటికప్పుడు అడిగితే రాదు. పాస్‌పోర్టు చేతిలో లేకపోతే ఎంబసీ ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ మీద ఇండియాకు రావచ్చు. అది ఒకవైపు ప్రయాణానికే పనికొస్తుంది. పాస్‌పోర్టు నంబరు, ఒక ఫొటో ఉంటే అది త్వరగా వస్తుంది. ఏ ఆధారమూ లేకపోతే మనిషి ఎవరో తేల్చడానికే పుణ్యకాలం గడిచిపోతుంది.

హెచ్చరికల భాష కూడా మారాలి. 2022 ఫిబ్రవరి 15న కీవ్‌లోని మన ఎంబసీ, ఉండాల్సిన అవసరం లేనివాళ్లు, ముఖ్యంగా విద్యార్థులు, తాత్కాలికంగా వెళ్లిపోవడాన్ని పరిశీలించవచ్చంది. హాజరు పోతుందని భయపడే వైద్య విద్యార్థికి "పరిశీలించవచ్చు" అంటే ఉండిపోవచ్చనే అర్థం. తొమ్మిది రోజులకు గగనతలం మూతపడింది, ఎయిరిండియా విమానం మధ్యలోంచే వెనక్కి తిరిగింది. మార్చి 2న ఖార్కివ్‌లోని మనవాళ్లకు వచ్చిన సూచన వేరు: బస్సు, రైలు దొరకకపోతే నడిచైనా సాయంత్రం ఆరు లోపు 11 కిలోమీటర్ల దూరంలోని పిసోచిన్‌కో, 12 కిలోమీటర్ల బబాయికో, 16 కిలోమీటర్ల బెజ్‌ల్యుదివ్కాకో చేరండి. అమెరికా విదేశాంగ శాఖలా ఒకటి నుంచి నాలుగు దాకా మెట్లు పెట్టి, ఏ మెట్టులో కాలేజీతో ఆన్‌లైన్ తరగతుల మాట ఎంబసీయే మాట్లాడుతుందో ముందే చెబితే ఈ రెండు సూచనల మధ్య అంత అగాధం ఉండదు.

ఇక సంఘాల పని. ఆపద వచ్చాక ఎంబసీ ఒక గూగుల్ ఫారం, రెండు రాష్ట్ర ప్రభుత్వాలు చెరొకటి, ఎంపీ కార్యాలయం ఒకటి, మనం ఇంకొకటి. ఎవరికి వారే యమునా తీరే. ఒకే పిల్ల పేరు అయిదు చోట్ల, మూడు స్పెల్లింగుల్లో. మన పేర్లతో ఈ చిక్కు మరీ ఎక్కువ: ఒకరి పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో ఉంటుంది, ఇంకొకరికి తండ్రి పేరు, ఇంకొకరికి ఆ గడి ఖాళీ. పేరును బట్టి జాబితా కలిపితే మనిషి రెండుసార్లు లెక్కకొస్తాడు, లేదా ఇద్దరు లక్ష్ములు ఒక్కరవుతారు. కలపాల్సింది పాస్‌పోర్టు నంబరును బట్టి. పేరు మాత్రం పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయాలి, ఎందుకంటే విమానం మ్యానిఫెస్టులో, అంటే ప్రయాణికుల జాబితాలో, వెళ్లేది అదే.

దానితో పాటు ఉండాల్సినవి: పుట్టిన తేదీ, పాస్‌పోర్టు గడువు, రెసిడెన్సీ గడువు, పాస్‌పోర్టు ఎవరి చేతిలో ఉంది, దేశం కోడ్‌తో ఫోన్ నంబరు, ఊళ్లో ఇంటివాళ్ల నంబరు, క్యాంపు లేదా భవనం పేరు, మ్యాప్ లొకేషన్, వాడే మందులు, చేరాల్సిన విమానాశ్రయం. ఇంకొక గడి చాలామంది మరిచిపోతారు: రావడానికి ఇష్టమా కాదా. ఆర్నెల్ల జీతం బాకీ ఉన్నవాడు, ఏజెంటుకు కట్టిన అప్పు తీరనివాడు బాంబులు పడుతున్నా కదలనంటాడు. యెమెన్‌లో కొందరు నర్సులు అలాగే అన్నారు. బస్సు వచ్చాక ఆ మాట తెలిస్తే ఆ సీటు ఖాళీగా పోతుంది. 2023 సూడాన్ యుద్ధంలో రాజధాని ఖార్టూమ్ నుంచి పోర్ట్ సూడాన్ రేవుకు దాదాపు 850 కిలోమీటర్లు బస్సుల్లోనే వెళ్లాల్సి వచ్చింది, డీజిల్ దొరకని రోజులవి. ఖాళీ సీటంటే ఇంకొకరి ప్రాణం.

జాబితాను వాట్సాప్‌లో తిప్పకండి. పాస్‌పోర్టు స్కాన్లు అడగకండి, నంబరు చాలు. ఇద్దరి దగ్గరే ఉంచి, ఆర్నెల్లకోసారి అందులోంచి ఇరవై నంబర్లకు ఫోన్ చేసి చూడండి. అయిదారుగురు దొరక్కపోతే జాబితా మొత్తం మళ్లీ సరిచూడాలి. నంబర్లు బయటికి పొక్కితే మొదట ఫోన్ చేసేది "సీటు కన్ఫర్మ్ చేయిస్తాం, డబ్బు పంపండి" అనేవాడు.

అమెరికా పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకు ఒక ముక్క. విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు పౌరసత్వం కాదు. దుబాయిలోనో దోహాలోనో చిక్కుకుంటే మీ బాధ్యత అమెరికా ఎంబసీది, అమెరికా విదేశాంగ శాఖ ప్రయాణికుల నమోదు వ్యవస్థ స్టెప్‌లో పేరు రాయించుకుంటేనే మీరున్నట్టు వాళ్లకు తెలుస్తుంది. ప్రభుత్వ ఖర్చుతో తరలిస్తే టికెట్ డబ్బు తర్వాత కడతానని ప్రామిసరీ నోటు మీద సంతకం చేయించుకోవడం అక్కడి పద్ధతి. భార్యది భారత పాస్‌పోర్టు, భర్తది, పిల్లలది అమెరికా పాస్‌పోర్టు అయిన ఇళ్లు మనలో ఎన్నో. అలాంటివాళ్లు రెండు ఎంబసీల్లోనూ నమోదు చేసుకుని, ఒక్కోచోట మిగతావాళ్ల పేర్లు, పాస్‌పోర్టు నంబర్లు కుటుంబ సభ్యులుగా రాయాలి. పెళ్లి సర్టిఫికెట్, పిల్లల జనన ధ్రువపత్రాల కాపీలు ఫోన్‌లో ఇంటర్నెట్ లేకపోయినా తెరుచుకునేలా పెట్టుకోవాలి. సరిహద్దు చౌకీలో సిగ్నల్ ఉంటుందన్న గ్యారంటీ లేదు.