మెమెంటో ఇచ్చిన చేత్తోనే మెమో

వక్తృత్వ పోటీలో బాగా వాదించిందని ఆ అమ్మాయికి వేదిక మీద మెమెంటో ఇచ్చారు. అదే అమ్మాయి తన వాదనను కాగితం మీద పెడితే మెమో ఇచ్చారు. మన జిల్లాలోని ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఈ వారం జరిగింది ఇదే. ప్రాంగణం పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే వేటు పడేది అధికారుల మీద కాదు, ఇంటర్నల్ మార్కులు వాళ్ల చేతుల్లో ఉన్న పిల్లల మీద.

విద్యార్థులు నడుపుతున్న ఆ చర్చా పత్రిక గురించి అక్కడ తెలియనివారు లేరు. నాలుగంటే నాలుగు పేజీలు. ఏ పార్టీ రంగూ లేదు, ఏ సంఘం జెండా లేదు. నెలకో ప్రశ్న వేస్తారు. ఎడమ పేజీ అవునన్నవాళ్లది, కుడి పేజీ కాదన్నవాళ్లది. మా చేతికొచ్చిన ఒక పాత సంచికలో మాగాణిని రొయ్యల గుంటలు చేయడం మీద చర్చ ఉంది. గుంటలు తవ్వాక తమ బోరులో ఉప్పునీళ్లు వస్తున్నాయని ఒక రైతు కొడుకు రాశాడు. రొయ్యలే లేకపోతే తనకు ఈ చదువే లేదని ఇంకో రైతు కూతురు రాసింది. ఇద్దరిదీ ఒకే మండలం. ఆ సంచిక ప్రూఫు కూడా చూశాం. కుడివైపు మూడు పంక్తులు ఎక్కువయ్యాయని ఎర్ర పెన్నుతో కొట్టేసి, పక్కన ‘రెండు పేజీలూ సమానం’ అని రాసుకున్నారు. రోజూ పత్రిక దించే మాకు ఆ మూడు పంక్తులు కొట్టేయడం ఎంత కష్టమో తెలుసు.

ఈ నెల ప్రశ్న: ఆడపిల్లల హాస్టల్ గేటు సాయంత్రం ఆరున్నరకే మూయాలా? మూయాలన్న వాదనకూ ఒక నిండు పేజీ ఇచ్చారు. అయినా జెరాక్స్ షాపు నుంచి వచ్చిన కట్టలు పురికొస విప్పకముందే ఆఫీసు గదిలోకి వెళ్లాయి. ఇకపై ప్రతి సంచికా అచ్చుకు ముందే చూపించి సంతకం పెట్టించుకోవాలని మెమో వచ్చింది.

బయటి పార్టీలు చొరబడతాయని, తల్లిదండ్రులు ఆందోళన పడతారని, కులాల గొడవలు రేగుతాయని అధికారులు అంటున్నారు. ఆ భయాలు ఉత్తవని మేమనం. కానీ కొట్టుకోకుండా వాదించుకోవడం ఎలాగో నేర్పుతున్న కాగితాన్ని ఆపి గొడవలు ఆపుతామంటే ఎవరు నమ్ముతారు? రాసినదాంట్లో తప్పుంటే పక్క నెల ఖండన వేయించవచ్చు. పరువు తీస్తే చట్టం ఉంది. అచ్చు కాకముందే చూపించమనడం మాత్రం ఇంకో సంగతి. ఈరోజు హాస్టల్ గేటు మీద సంతకం అడిగినవారు రేపు మెస్ బిల్లు మీద, ఎల్లుండి స్కాలర్‌షిప్ బకాయిల మీద అడుగుతారు. ఒక ప్రాంగణంలో ఇది చెల్లిందంటే పక్క కాలేజీ నోటీసు బోర్డుకు ఎక్కడానికి ఎన్నాళ్లో పట్టదు.

1950 మేలో సుప్రీంకోర్టు ఒకే రోజు రెండు పత్రికల కేసుల్లో తీర్పు చెప్పింది. ఢిల్లీలో ఒక పత్రికను అచ్చుకు ముందే చూపించాలన్న ఉత్తర్వు ఒకటి. ఇంకో పత్రికను రాష్ట్రంలోకే రానివ్వనన్న మద్రాసు ప్రభుత్వ ఉత్తర్వు రెండోది. రెండింటినీ కొట్టేసింది. అప్పటికి నెల్లూరు, ఒంగోలు ఆ మద్రాసు రాష్ట్రంలోనివే. మరుసటి ఏడాది రాజ్యాంగాన్ని సవరించి ఆంక్షలకు మరికొంత చోటిచ్చిన మాట నిజం. ఆ ఆంక్షల జాబితా ఎన్నిసార్లు చదివినా అందులో హాస్టల్ గేటు టైము కనిపించదు.

మాకు అన్నిటికంటే మింగుడుపడనిది ఈ రెండు నాల్కల తీరు. ఆగస్టు 23 వస్తే చాలు, ప్రకాశం పంతులు పటానికి పూలదండ వేసి, ‘భావప్రకటన స్వేచ్ఛ’ మీదే పోటీ పెడతారు. 1921లో మద్రాసులో ‘స్వరాజ్య’ పత్రిక పెట్టి, బారిస్టరుగా సంపాదించినదంతా దానికి ధారపోసిన మనిషాయన. 1928లో సైమన్ కమిషన్‌ను బహిష్కరించిన రోజున తుపాకులకు రొమ్ము చూపించిన మనిషి. ఆయన గురించి అయిదు నిమిషాలు కంఠతా పట్టి అప్పజెబితే మెమెంటో. ఆయన చేసిన పనిలో వెయ్యో వంతు చేస్తే మెమో. నెల్లూరు జిల్లాలోని దూబగుంట ఊరి పేరు చెప్పి మహిళా దినోత్సవాలు చేసేదీ వీళ్లే. అక్షరాస్యత వాచకంలో ఒక పాఠం చదివి, దాని మీద మాట్లాడుకున్న ఆడవాళ్లు తమ ఊళ్లో సారాను ఆపారు. ఆ మంట జిల్లాలు దాటి 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధమయ్యేదాకా వెళ్లింది. ఆ పాఠాన్ని ముందు ఎవరో ఒకరి సంతకానికి పంపి ఉంటే దూబగుంట పేరు ఈరోజు ఎవరికి తెలిసేది?

ఈ పిల్లలు మైనర్లు కారు. 1989 నుంచి పద్దెనిమిదేళ్లకే ఓటు. ఎమ్మెల్యేను, ఎంపీని ఎన్నుకోవడానికి వాళ్ల బుద్ధి సరిపోతుంది. తమ గేటు ఎప్పుడు మూయాలో మాట్లాడటానికి సరిపోదా? రాష్ట్రంలో విద్యార్థి సంఘాల ఎన్నికలు లేక దశాబ్దాలైంది. మాట్లాడుకోవడానికి మిగిలింది నాలుగు పేజీలు. వాటికీ తాళమేనా?

మా డెస్కులో ఉన్నవాళ్లలో సగం మంది కాలేజీ గోడపత్రికల నుంచి వచ్చినవాళ్లే. అప్పట్లోనూ కోప్పడిన ప్రిన్సిపాళ్లున్నారు. పిలిచి చివాట్లు పెట్టారు, ఎదురు వ్యాసం రాసి పక్కనే అంటించారు. చించిపారేసినవారు మాత్రం తక్కువ. అధికారులారా, మీరు చదువుకున్నవారు, పెద్దవారు. గేటు ఆరున్నరకే మూయాలని మీకు అంత గట్టిగా అనిపిస్తే ఎడమ పేజీలో మీరూ రాయండి, ఆ పిల్లలు పంక్తులు లెక్కపెట్టి మరీ వేస్తారు. అది చేతగాక కట్టల్ని గదిలో పెట్టి తాళం వేసుకున్నారు, సిగ్గుచేటు. సోమవారం ఆఫీసు తెరవగానే ఆ పురికొసలు విప్పి సంచికలు పంచనివ్వండి, మెమోను రాతపూర్వకంగా రద్దు చేయండి. అంతవరకూ వక్తృత్వ పోటీలకు మా విలేకరులను ఆహ్వానించకండి.