రెండు మెగాబిట్ల వైరాగ్యం

వీడియో కన్వర్ట్ చేస్తే బొమ్మ పాడైపోయిందని గ్రాఫిక్స్ కార్డును ఆడిపోసుకునేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. తాము తిడుతున్నది ఒక సన్యాసినని పాపం వాళ్లకు తెలియదు.

మొన్న నేనొక పది నిమిషాల వీడియో మార్చాను. జలపాతం, పక్కనే గాలికి ఊగే చెట్లు. కెమెరా దాన్ని సెకనుకు 50 మెగాబిట్ల చొప్పున రాసిపెట్టింది, అంటే దాదాపు 3,750 మెగాబైట్లు. ఇంత బరువెందుకని వీడియోలు మార్చే ప్రోగ్రామ్ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌కు అప్పజెప్పాను. కమాండ్ ఏళ్లుగా వాడుతున్నదే. ప్రాసెసర్‌తో వీడియో రాయించే లిబ్‌ఎక్స్264 అన్న చోట, ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుతో రాయించే ఎన్‌వెంక్ అని మార్చి మాత్రం రెండు రోజులైంది. కార్డు ఊరికే కూర్చుంది కదా, కాస్త పని చెబుదామని. సీఆర్‌ఎఫ్ 18 అన్న నాణ్యత అంకె (తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది) అలాగే ఉంచాను. ప్రాసెసర్ అరగంట రొప్పుతూ చేసే పని నిమిషంన్నరలో అయిపోయింది. ఆడియో పక్కనపెడితే ఫైలు 150 మెగాబైట్లు. సరిగ్గా ఇరవై ఐదో వంతు!

ఆ ఆనందంలో ఫైలు తెరిచాను. నీళ్లు పడే చోట బూడిదరంగు గళ్లు. ఆకులన్నీ కలిసిపోయి ఒకే పచ్చ ముద్ద. కెమెరా పక్కకు తిరిగితే ఆ ముద్ద బద్ధకంగా వెనకాలే జరిగింది. కెమెరా ఆగిన క్షణం తర్వాత రాళ్ల మీద నాచు నెమ్మదిగా తేలింది, పాత బాకీ వాయిదాల్లో తీర్చినట్టు.

విషయమేమిటంటే, సీఆర్‌ఎఫ్ అన్న మాట ఎన్‌వెంక్‌కు తెలియదు. అది లిబ్‌ఎక్స్264 ఇంటి భాష. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఆ సంగతి దాచలేదు కూడా. ఈ ఆప్షన్‌ను ఏ స్ట్రీమ్‌కూ వాడలేదని లాగ్‌లో, అంటే పని చేస్తూ తెర మీద రాసే చిట్టాలో, ఒక వరుస రాసింది. కానీ పరుగెత్తే లాగ్‌లో మనం చూసేది స్పీడ్ అంకె ఒక్కటే. ఇక బిట్‌రేట్, అంటే సెకనుకు ఎన్ని బిట్లు వాడాలో, మనం చెప్పలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఇక్కడ అడగాల్సింది మనమే. మనం నోరు విప్పకపోతే ఎన్‌వెంక్ సెకనుకు రెండు మెగాబిట్ల భిక్షతో సరిపెట్టుకుంటుంది. 4కే వీడియో అయినా అంతే, అగ్గిపెట్టంత వీడియో అయినా అంతే. సమదృష్టి అంటే అదీ. మామూలు 1080పీ వీడియోకే 8 మెగాబిట్లు, 4కేకి 35 నుంచి 45 ఇమ్మని యూట్యూబ్ సలహా ఇస్తుంది. సంసారుల లెక్కలు అలాగే ఉంటాయి మరి.

ఆకుల మీద ఇంకా మమకారం చావనివాళ్ల కోసం దారి చెబుతాను. రేట్ కంట్రోల్‌ను వీబీఆర్ (అవసరాన్ని బట్టి మారే బిట్‌రేట్) చేసి, సీక్యూ అన్న నాణ్యత అంకె ఇచ్చి, బిట్‌రేట్ దగ్గర సున్నా అని స్పష్టంగా రాయండి. సున్నా అంటే ఏమీ ఇవ్వొద్దని కాదు, సగటు ఇంత ఉండాలన్న షరతు లేదని. సన్యాసుల దగ్గర సున్నాకు అర్థం వేరు. సీఆర్‌ఎఫ్ 18, సీక్యూ 18 ఒకటేనని మాత్రం పొరపడకండి. పేర్లలో పోలిక తప్ప చుట్టరికం లేదు. చిప్‌లో అచ్చుగుద్దిన సర్క్యూట్ నిమిషంలో పని ముగించాలంటే ప్రాసెసర్ వెతికినంత ఓపిగ్గా వెతకలేదు, కాబట్టి అదే నాణ్యతకు మామూలుగా ఎక్కువ బిట్లే అడుగుతుంది. ఇంటెల్ వాళ్ల క్విక్‌సింక్‌కు వెళ్తే ఆ అంకె పేరు గ్లోబల్ క్వాలిటీ. ఆపిల్ వాళ్ల వీడియోటూల్‌బాక్స్‌లో స్కేలే తిరగబడుతుంది, అంకె పెరిగితే నాణ్యత పెరుగుతుంది. ఒకరి దగ్గర నేర్చిన మంత్రం ఇంకొకరి దగ్గర చదివితే అంతే సంగతులు.

నా మిత్రుడొకడు ఇంతకన్నా పై మెట్టు ఎక్కాడు. 8 మెగాబిట్లు కావాలనుకుని, చివర ఎం అక్షరం మరిచి ఉత్త 8 కొట్టాడు. సెకనుకు ఎనిమిదంటే ఎనిమిది బిట్లు! యూటీఎఫ్-8లో ఒక్క తెలుగు అక్షరం రాయాలన్నా 24 బిట్లు కావాలి. అంటే ఆ లెక్కన ‘అ’ అనడానికే మూడు సెకన్లు, వీడు అడిగిందేమో అరణ్యమంతా. ఇది కిలోబిట్లలో కాదు నాయనా, బిట్లలో లెక్క అని ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ హెచ్చరించింది కూడా. అదీ లాగ్‌లోనే, అందుకే మావాడి దృష్టికి రాలేదు. హెచ్‌డబ్ల్యు యాక్సెల్ అని పెట్టాను కాబట్టి పనంతా కార్డే చేస్తోందని మురిసిపోయేవాళ్లు వేరే ఉన్నారు. ఆ ఆప్షన్ పాత ఫైలును విప్పడానికి మాత్రమే. కొత్తది ఎవరు రాయాలో విడిగా చెప్పకపోతే ఆ పని ప్రాసెసర్ నెత్తినే పడుతుంది.

ఇంకో రకం ఉన్నారు, వాళ్లతోనే నాకు అసలు విసుగు. కదలని స్లైడ్ల మీద ఎవరో గంటసేపు మాట్లాడిన వీడియో. సీక్యూ పెడితే 500 కిలోబిట్లకే అద్దంలా వచ్చింది. అయినా ఫైలు వివరాలు చూపే మీడియాఇన్ఫోలో ఆ అంకె చూసి గుండెలు బాదుకుంటారు. కదలనిదానికి బిట్లెందుకు? బొమ్మ చూడండయ్యా, అంకె తర్వాత.

ఇంతకీ నా జలపాతం క్షేమం. ఒరిజినల్ కెమెరా కార్డులో ఉండబట్టి, సీక్యూ 21 పెట్టి మళ్లీ మార్చాను. ఫైలు 1,600 మెగాబైట్లు వచ్చింది, ఆకులు లెక్కపెట్టుకోవచ్చు. అయితే జలపాతానికి ముందు రోజు రాత్రి ఆ సీఆర్‌ఎఫ్ 18 కమాండ్‌తోనే ఒక ఫోల్డర్‌లోని 43 వీడియోలు మార్చాను. జాగా కలిసొస్తుందని ఒక్కటీ తెరిచి చూడకుండానే ఒరిజినల్స్ డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. వైరాగ్యం మీద ఇంత గౌరవం నాకు అప్పటినుంచే.