వడ్ల సేకరణ, పాటల సేకరణ

మన భాషలో ఇప్పుడు అన్నిటికన్నా లాభసాటి మాట ‘సేకరణ’. యూట్యూబులో ఏ ఫోక్ సాంగ్ తెరిచినా ‘రచన, సేకరణ: ఫలానా’ అని ఒకే పేరు కనబడుతుంది. రాసినవాడు సేకరించడమేమిటి, సేకరించినవాడు రాయడమేమిటి అని అడిగేంత కుసంస్కారులం మనం కాదు. మా నల్లగొండ జిల్లాలో వడ్లు కొనే ఐకేపీ కేంద్రాలవారు చేసేదీ సేకరణే. తేమ 17 శాతం దాటిందంటారు, తాలుందంటారు, తరుగు తీస్తారు, అయినా చివరికి ఎంతో కొంత రైతు ఖాతాలో వేస్తారు. పాటల సేకరణకు కాంటా కూడా అక్కరలేదు, సెల్‌ఫోను చాలు.

సాగర్ ఎడమ కాలువ కింద నాటు వేస్తూ ఒక ముసలమ్మ పాడిన పాట అలా సెల్‌ఫోనుకెక్కి, పట్టణంలో ఒక మొబైల్ దుకాణం పైనున్న స్టూడియోకు చేరగా, గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించిన ఆ గదిలో దానికి జరిగిన సంస్కారాలను కళ్లారా చూసే భాగ్యం నాకు కలిగింది. అది అత్తగారింటికి పోతున్న పిల్ల తల్లిని తలచుకుని ఏడ్చే పాట. ఏడుపు రీల్స్‌కు పనికిరాదని నిర్మాతగారు సెలవిచ్చారు. వెంటనే తల్లి స్థానంలోకి బావ వచ్చాడు, ఎడ్లబండి స్పోర్ట్స్ బైకయింది, కన్నీళ్లు కాటుకయ్యాయి. వంగి లేచే నాటు నడకలోని తాళం మందకొడిగా ఉందని ప్రోగ్రామింగ్ కుర్రవాడు డప్పు లూపు తగిలించాడు. ఆ డప్పును ఎవరి దగ్గర సేకరించారో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. గాయని గొంతులోని వణుకును ఆటోట్యూనుతో గంటసేపు చదును చేశారు. ఇంత జరిగాక పాత పాటలో మిగిలింది పల్లవి ఒక్కటే. జనం పట్టుకున్నదీ ఆ పల్లవినే, బరాత్‌లో డీజే మళ్లీ మళ్లీ వేసేదీ దాన్నే.

చట్టం లేదా అంటే, భేషుగ్గా ఉంది. 1957 నాటి కాపీరైటు చట్టం రచయితకు జీవితకాలమూ, ఆపైన 60 ఏళ్లూ హక్కు ఇస్తుంది. 2012 సవరణ తర్వాత సినిమా కవులు థియేటరు బయటి రాయల్టీని వదులుకుంటామని సంతకం పెట్టినా చెల్లదు. కాకపోతే రచయితకొక పేరుండాలి. 12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది గనుక ఆ పాలమూరు బిడ్డ పేరు లోకానికి తెలిసింది. బురదలో నిలబడి పాడే ఆడవాళ్లందరికీ కలిపి పెట్టిన ఒకే పేరు ‘జానపదం’. జానపదం అందరి సొత్తని ఉపన్యాసమిచ్చే పెద్దమనిషే, తన ఛానల్లోకి రాగానే దానికి తాళం వేసుకుంటాడు. సిగ్గుండాలి! పొలంలో మోటరు ఎత్తుకుపోయినవాణ్ని దొంగ అంటాం, పాట ఎత్తుకుపోయినవాడికి శాలువా కప్పుతాం.

మొన్న ఆ ముసలమ్మ మనుమడు, నాటులో ఆమె పాడుతున్న వీడియోను తన ఛానల్లో పెట్టాడు. మూడోనాడు కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. వాడు చదివి చెబితే, ఆమె చేతులకున్న బురద కడుక్కుంటూ ఒకటే మాట అడిగింది:

“మనమేమన్న పైసలు కట్టాల్నా బిడ్డా?”