వినయం గల రేడియో కావలెను

గాలిలో చోటు అయిపోయిందని చాలా ఏళ్లుగా వింటున్నాం. రేడియో తరంగాలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయట, కొత్తవాళ్లు కాలు పెట్టే సందు కూడా లేదట. తీరా 2004లో న్యూయార్క్‌లో ఒక పెద్ద పార్టీ మహాసభ జరుగుతున్న రోజుల్లోనే, అంటే ఊరంతా ఫోన్లలో, వాకీటాకీల్లో గొంతు చించుకుంటున్నప్పుడే, 30 మెగాహెర్ట్జ్ నుంచి 3 గిగాహెర్ట్జ్ దాకా ఉన్న పౌనఃపున్యాల్లో (ఫ్రీక్వెన్సీల్లో) ఎంత వాడుతున్నారో కొలిచి చూశారు. వాడకంలో ఉన్నది సగటున 13 శాతం. మిగతాదంతా ఖాళీ. ఖాళీ అంటే ఎవరిదీ కాదని అనుకునేరు. దాదాపు ప్రతి జానెడుకీ ఓ హక్కుదారు ఉన్నాడు. లైసెన్సు అనే కర్చీఫ్ వేసి వెళ్లాడు, ఇంకా రాలేదు, అంతే.

కర్చీఫ్ తీయకుండా ఆ సీట్లో కూర్చోవడం ఎలా? జోసెఫ్ మిటోలా అనే ఇంజనీరు 1990ల చివర్లో కాగ్నిటివ్ రేడియో అనే మాట తెచ్చాడు. ఈ రేడియో పుట్టుకతో వచ్చిన ఒకే పౌనఃపున్యానికి కట్టుబడి ఉండదు. సాఫ్ట్‌వేర్ మారిస్తే దాని నడవడి మారుతుంది. చుట్టూ ఏం జరుగుతోందో వింటుంది, ఆలోచిస్తుంది, ఖాళీ కనిపిస్తే వాడుకుంటుంది. అసలు హక్కుదారు గుమ్మంలోకి రాగానే చప్పుడు చేయకుండా లేచి వెళ్లిపోతుంది. ఇంత మర్యాద నేను మనుషుల్లో చూడలేదు. పెట్టెల్లో చూడొచ్చని పెద్దవాళ్లు అంటే నమ్మాను.

మర్యాదకు ప్రమాణాలు ఉండాలి కదా. ప్రమాణాలు రాసే ఇంజనీర్ల సంఘం ఐఈఈఈ 2005లో పీ1900 పేరుతో ఒక కమిటీ పని మొదలుపెట్టింది. 2007లో అది ఎస్‌సీసీ41 అయింది. ఆ తర్వాత డైస్పాన్ అయింది. పరిస్థితిని బట్టి నడవడి మార్చుకునే రేడియో అప్పటికింకా బజారులోకి రాలేదు గానీ, పరిస్థితిని బట్టి పేరు మార్చుకునే కమిటీ మాత్రం సిద్ధమైపోయింది. 2008లో వచ్చిన 1900.1 ప్రమాణం పదాలకు అర్థాలు చెప్పే పుస్తకం. సాఫ్ట్‌వేర్ రేడియో వేరు, సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియో వేరు. అడాప్టివ్ వేరు, కాగ్నిటివ్ వేరు, ఇంటెలిజెంట్ మరీ వేరు. నవ్వకండి. ఒకే మాట వాడి ఇద్దరు ఇంజనీర్లు రెండు వేర్వేరు యంత్రాలను తలుచుకుంటుంటే వాళ్లు ఏళ్ల తరబడి ఏకాభిప్రాయంతోనే గడిపేయగలరు, అదీ ప్రమాదం. ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ఐటీయూ కూడా 2009లో తన నిర్వచనాలు తాను రాసుకుంది. 2012లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సదస్సు ఈ కొత్త జాతి రేడియోల గురించి ప్రత్యేకంగా ఒక అంశమే పెట్టుకుని, అన్నీ పరిశీలించి, ఉన్న నిబంధనల్లో ఏమీ మార్చనక్కర్లేదని తేల్చింది. పరిశీలన అంటే అలా ఉండాలి.

ఇక వినడం సంగతి. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. అమెరికాలో టీవీ ఛానళ్ల మధ్య ఖాళీగా పడి ఉన్న చోటును లైసెన్సు లేని పరికరాలకు ఇస్తూ అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2008లో ఒక షరతు పెట్టింది. టీవీ ప్రసారం గానీ, వైర్‌లెస్ మైకు గానీ మైనస్ 114 డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే కొలత) స్థాయిలో వినిపించినా పరికరం గుర్తు పట్టాలి. ఒక వాట్‌ను పది కోట్ల కోట్ల ముక్కలు చేసి, అందులో నాలుగు ముక్కలు ఏరి, ఇవి టీవీ తాలూకువా కాదా చెప్పు అని అడగడం అన్నమాట. అంత కర్కశం ఎందుకంటే, డాబా మీద యాంటెన్నాకి చక్కగా అందే సిగ్నల్ నాలుగు గోడల మధ్య బల్ల మీదున్న పరికరానికి అందదు. నాకు వినపడలేదు కాబట్టి ఎవరూ లేరు అని అది నోరు విప్పుతుంది. పక్కింటి టీవీలో బొమ్మ చెదిరిపోతుంది. తనకు వినపడనిది లేదనుకోవడం రేడియోలకే ఉన్న జబ్బు అని నేను అనలేను. ఆ షరతుకు ముందు ఏడాది, 2007లో, ఎఫ్‌సీసీ ప్రయోగశాలకు పంపిన ఇలాంటి పరికరం నమూనా ఒకటి ఉన్న ప్రసారాలనే కనిపెట్టలేకపోయింది. పంపిన పీసు చెడిపోయిందని, స్పేరు పీసు మాత్రం భేషుగ్గా పనిచేస్తోందని తయారీదారులు సెలవిచ్చారు. స్పేరు పీసు ఎప్పుడూ భేషుగ్గానే పనిచేస్తుంది.

2010 వచ్చేసరికి ఎఫ్‌సీసీ కూడా మెత్తబడింది. వినక్కర్లేదు, ఆలోచించక్కర్లేదు, నువ్వెక్కడున్నావో 50 మీటర్ల తేడాలో తెలుసుకుని, రోజుకోసారి డేటాబేస్‌ను అడుగు, అది చెప్పిన ఛానల్లో మాట్లాడు అంది. లోకాన్ని చదివి తనంతట తాను నిర్ణయం తీసుకుంటుందనుకున్న రేడియో చివరికి పొద్దున్నే రిజిస్టర్లో సంతకం పెట్టే గుమాస్తా అయింది. నేను దీన్ని తప్పు పట్టడం లేదు. నాకు తెలిసిన చాలామంది మేధావుల కెరీర్ కూడా ఇలాగే సాగింది.

వైఫై వాళ్లకు మాత్రం వినే బాధ్యత తప్పలేదు. 5 గిగాహెర్ట్జ్‌లో రాడార్లున్న చోట పరికరం ముందు 60 సెకన్లు చెవి ఒగ్గాలి. రాడార్ వినిపిస్తే 10 సెకన్లలో ఛానల్ ఖాళీ చేయాలి, అరగంట దాకా ఆ దిక్కు చూడకూడదు. కాగితం మీద ఎంత బాగుందో! 2009లో ప్యూర్టోరికోలోని శాన్ హువాన్ విమానాశ్రయ వాతావరణ రాడార్‌కు ఏవో అడ్డుపడుతున్నాయని వెతుక్కుంటూ వెళితే, ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లు బయట బిగించిన డబ్బాలు తేలాయి. కొన్నిటిలో ఆ వినే ఏర్పాటునే ఆపేసి పెట్టారు. సాఫ్ట్‌వేర్‌తో నడవడి మారుతుందని మనమే కదా మురిసిపోయాం, మారింది. దాంతో ఆ సాఫ్ట్‌వేర్‌కు తాళం వేయమని ఎఫ్‌సీసీ అంది. 2015లో రౌటర్లో సొంత ఫర్మ్‌వేర్, అంటే దాన్ని లోపలి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్, వేసుకునేవాళ్లు మా రౌటర్ మాకు కాకుండా పోతుందని గోల పెట్టారు. ఎటైనా వంగే రేడియో కావాలి, కానీ ఎవరు వంచినా వంగకూడదు. ఈ వాక్యాన్ని ప్రమాణంగా మార్చే ఉపసంఘం మీద నాకు అపారమైన సానుభూతి ఉంది.

ఇవన్నీ చూశాక 3.5 గిగాహెర్ట్జ్‌లో 150 మెగాహెర్ట్జ్ మేర అమెరికా 2015లో పెట్టిన ఏర్పాటు నాకు అన్నిటికన్నా నచ్చింది. మూడు అంతస్తులు. పైన నౌకాదళం రాడార్లు, మధ్యలో వేలంలో కొనుక్కున్నవాళ్లు, కింద మిగతా జనం. ఎవరెక్కడ మాట్లాడాలో ఒక కంప్యూటర్ వ్యవస్థ చెబుతుంది. అయితే ఓడ ఎప్పుడు ఎక్కడుందో నౌకాదళం చెప్పదు, చెప్పకూడదు కూడా. అందుకని తీరం పొడవునా చెవులు, అంటే రాడార్‌ను పసిగట్టే సెన్సర్లు, పెట్టారు. ఓడ రాడార్ వినపడగానే ఆ చెవులు కబురు చేస్తాయి, కిందివాళ్లు ఛానల్ ఖాళీ చేస్తారు. బాగానే ఉంది. కానీ చుట్టూ జనం మాట్లాడుతుంటే చెవులకు రాడార్ వినపడదు కదా! అందుకని ఒక్కో చెవి చుట్టూ గుసగుస మండలం గీశారు, నిజంగానే దాన్ని విస్పర్ జోన్ అంటారు. అక్కడి రేడియోలు పవర్ తగ్గించుకోవాలి. ఓడ వస్తే ఛానల్ ఖాళీ చేయాలి, రాకపోతే ఓడ రాలేదని తెలుసుకోవడానికి గొంతు తగ్గించుకోవాలి.

గుసగుస అన్న మాటకు నిర్వచనం 1900.1 తదుపరి కూర్పులో చేర్చాలని సవినయంగా కోరుతున్నాను. గుసగుస వేరు, గొణుగుడు వేరు, సణుగుడు మరీ వేరు. ముసాయిదా నా దగ్గర సిద్ధంగా ఉంది.