సంతకం పెట్టేశాను

మొన్న ఏప్రిల్ నెలాఖర్లో ఊరెళ్ళాను. ఉద్దానంలో జీడిపిక్కలు దిగే రోజులు. అమ్మ వాకిట్లో పరదా పరిచి పిక్కలు ఎండబోస్తోంది. ఒకాయన చంకలో రిజిస్టరుతో వచ్చాడు.

"గ్రామసభది బాబూ, ఇక్కడో సంతకం."

"సభ ఎప్పుడయింది?"

"అయిపోనాది బాబూ. మీ వీధి సంతకాలే మిగిలినాయి."

పైన తేదీ ఉంది, కింద పేర్లున్నాయి. మధ్యలో తీర్మానం రాయాల్సిన చోటంతా తెల్లగా ఉంది. నేను పెన్ను పట్టుకుని ఆగితే అమ్మ తలెత్తకుండానే "పెట్టీరా, రేపు వాళ్ళతోనే పని" అంది. పెట్టేశాను. అప్పట్నుంచి కడుపులో ఒకటే మంట, అందుకే ఈ పోస్టు.

ప్రజాస్వామ్యం ప్రమాదంలో పడిందని టీవీలో రోజూ అరుస్తుంటారు. ఢిల్లీ సంగతి తర్వాత, మా వీధిలో తెల్లకాగితం మీద సంతకం చేసింది నేనే కదా!

పార్లమెంటుకి మనం ఎవరినో ఒకర్ని పంపాలి. గ్రామసభకి ఆ అవసరం లేదు. ఊరి ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ సభ్యులే. గ్రామసభకి రాజ్యాంగంలో చోటిచ్చిన 73వ సవరణ అమల్లోకి వచ్చింది 1993 ఏప్రిల్ 24న. పాతకాలపు గ్రీసులో పౌరులంతా నేరుగా కూర్చునే ఏథెన్స్ సభ గురించి పుస్తకాల్లో గొప్పగా చదువుకున్నాం. అక్కడ ఆడవాళ్ళకీ బానిసలకీ చోటే లేదు. ఇక్కడ మా అమ్మకి చోటుంది, పిలుపే లేదు.

తమిళనాడులో ఉత్తరమేరూరు గుడి గోడ మీద పదో శతాబ్దపు చోళుల శాసనం ఉంది. ఊరి కమిటీలకి తాటాకుల మీద పేర్లు రాసి, కుండలో వేసి, పిల్లాడిచేత తీయించేవారు. ప్రజాస్వామ్యం మన దగ్గరే పుట్టిందనడానికి అందరూ దీన్నే చూపిస్తారు. (ఆ కుండలోకి భూమి ఉన్నవాళ్ళ పేర్లే వెళ్ళేవన్న సంగతి మాత్రం మింగేస్తారు.) నాకు నచ్చింది అందులోని ఇంకో షరతు. కమిటీలో పనిచేసి లెక్క అప్పజెప్పనివాడి పేరు మళ్ళీ కుండలో వెయ్యరు, వాడి దగ్గరి చుట్టాల పేర్లు కూడా వెయ్యరు. ఆ రూలు ఇప్పుడు పెడితే మన ఊళ్ళలో నామినేషన్ వెయ్యడానికి ఎవరు మిగులుతారో మీరే లెక్కేసుకోండి.

ఇప్పుడేమో రేపు ఫోన్లోనే ఓటేస్తాం, అంతా మారిపోతుందంటున్నారు. ఓటు వెయ్యడం మనకెప్పుడూ కష్టం కాలేదండీ. పోలింగ్ అంటే చెన్నై నుంచీ హైదరాబాద్ నుంచీ రైళ్ళలో నిలబడైనా వచ్చి వేస్తారు మావాళ్ళు. ఆ తర్వాత ఐదేళ్ళూ లెక్క అడిగేవాడే లేడు. ఫోన్లో చూడాలంటే ఈ-గ్రామస్వరాజ్ అని ప్రభుత్వ యాప్ ఉంది, పంచాయతీ ఖర్చులు అందులో పెడతారు. ఆ రాత్రి మంచమ్మీద పడుకుని మా ఊరిది తెరిచాను. మా వీధి కాలువలో పూడిక తీసినట్టు ఖర్చు రాసేశారు. పొద్దున ఆ కాలువ దాటడానికే నేను చెప్పులు చేత్తో పట్టుకున్నాను.

మర్నాడు వెళ్ళి పంచాయతీవాళ్ళని అడిగితే "నువ్వు విశాఖలో ఉంటావు, నీకేటి తెలుసు?" అన్నారు. నిన్న సంతకానికి మాత్రం ఊరివాణ్ణే. సరే, వచ్చే సభ ఎప్పుడో ముందే చెప్పమన్నాను. దండోరా వేయిస్తామన్నారు.

దండోరా సంగతేమైందని నిన్న అమ్మకి ఫోన్ చేశాను. వినబళ్ళేదంది. కాలువ మాట ఇంకెత్తకురా, వాళ్ళింట్లో పెళ్ళికి మనల్ని పిలిచారు అంది.